దీపం నూనె కాదు

మా స్నేహితుల మధ్య ఒక కథ తిరుగుతోంది. అందులో నేను చాలా గొప్పదాన్ని. ఎవరో చిన్న వయసు అమ్మాయి డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు చూసుకోకుండా కారు నడిపి ఇంజన్ పోగొట్టుకుంటే, పదిమందిలో ఆ పిల్ల పరువు కాపాడటానికి తప్పంతా నా నెత్తిన వేసుకున్నానట. "నోరు అంతే గానీ మనసు వెన్న" అని చివర ఒక మెచ్చుకోలు కూడా తగిలిస్తారు.

నోటి గురించి నాకేమీ పేచీ లేదు. మిగతాదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. నేను ఎవరి తప్పూ నెత్తిన వేసుకోలేదు. తప్పు నాదే. ఒప్పుకున్నాను, నమ్మలేదు, అంతే. ఒప్పుకోవడానికి కూడా ఒక టైముంటుందనీ, అది దాటిపోతే మన నేరం మనకే సన్మానమై తిరిగొస్తుందనీ నాకప్పటిదాకా తెలియదు.

ఇంకో సంగతి. ఆ అమ్మాయి లైటు చూసుకోలేదన్నది పచ్చి అబద్ధం. లైటు చూసింది. కారు కింద కూడా చూసింది. నాకంటే ముందే చూసింది.

మేముండేది అమెరికాలో, నార్త్ కరొలినాలోని క్యారీలో. నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగులో. అంటే పక్కవాడు రాసినదాంట్లో తప్పులు పట్టి నెల జీతం తీసుకునే ఉద్యోగం. దాన్ని ఇంట్లో కూడా మానలేనని మా ఆయన అంటాడు. కార్ల పని నాకెలా అంటుకుందో చెప్పాలంటే ఒక పోట్లాట చెప్పాలి. ఆయిల్ మార్పించుకోవడానికి ఒక షాపుకి వెళ్ళాను. అక్కడివాడు నల్లబడిన ఎయిర్ ఫిల్టరొకటి తెచ్చి నా ముక్కు కింద పెట్టి, "ఇది మార్చమంటారా, మీ ఆయన్ని కనుక్కుని చెప్తారా?" అన్నాడు. కారు నాది, దాని కాగితాల మీదున్న పేరు నాది. పావుగంట సేపు వాణ్ణి వదల్లేదు. వెయిటింగ్ రూములో ఉన్న వాళ్ళంతా ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. ఇంటికొచ్చి ఇకనుంచి నా కారు నేనే చూసుకుంటానని ప్రకటించాను.

మా ఆయన టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "ఇవాళ ఎవరితోనే?" అన్నాడు.

కారు ముందు చక్రాలు ఎక్కించే ర్యాంపులు, పాత ఆయిల్ పట్టే ట్రే, స్పానర్ల పెట్టె, ఫిల్టర్ తిప్పే రెంచి కొన్నాను. మొదటిసారి వేడి ఆయిల్ మోచేతి దాకా కారి చొక్కాలోకి పోయింది. నాలుగోసారికి ముప్పావుగంటలో ముగించేదాన్ని. ఇంటి ముందు డ్రైవ్‌వేలో రిపేర్లు చెయ్యకూడదని కాలనీ రూలు కాబట్టి గరాజు తలుపు మూడొంతులు దించి లోపల చేసేదాన్ని. కింద నుంచి నా కాళ్ళు మాత్రం కనపడేవట. అవి చూసి పక్కింటి అమెరికన్ ముసలాయన ఒకసారి అంబులెన్సు పిలవబోయాడు.

తర్వాత మా వాళ్ళలో ఆడవాళ్ళు "అక్కా, మాకూ నేర్పవా" అంటూ రావడం మొదలుపెట్టారు. అది పెరిగి పెరిగి ఒక ఆనవాయితీ అయింది. దసరాకి ముందు శనివారం మా గరాజులో ఆయిల్ మార్పుడు, ఆదివారం మా డ్రైవ్‌వేలో కార్లకి పూజ. నేర్పడమన్నది పేరుకే. నేను చేసేదాన్ని, వాళ్ళు చూసేవాళ్ళు. నా చేతుల మురికి చూసి "అబ్బ, ఎంత ధైర్యమక్కా" అంటే, ఆ మాట కోసమే మురికి కాసేపు తుడుచుకునేదాన్ని కాదు. నిజం చెప్పుకోవాలిగా.

పూజ మా ఆయన డిపార్ట్‌మెంటు. ఇక్కడ నవమి ఏ వారం వచ్చినా మాకు ఆదివారమే వస్తుంది. అమ్మవారి పటం ముందు నా స్పానర్లు, రెంచి, జాకీ పెట్టి పసుపు కుంకుమలు అద్దుతాడు. "నీ ఆయుధాలు రెండు, ఇవీ నీ నోరూ. నోటికి బొట్టు పెట్టడానికి కుదర్లేదు" అంటాడు ప్రతి ఏడూ. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాడు పొద్దున మళ్ళీ పూజ చేసి తీసేదాకా ముట్టుకోకూడదు. ఇది ఆయన నియమం. నాకివేమీ పట్టవు. దేవుడి గురించి ఆయనతో వాదించడం నాకు ఇరవై ఏళ్ళ కాలక్షేపం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఇక ఆ అమ్మాయి. కరీంనగర్ వైపు పిల్ల, మాకు రెండు వీధుల అవతల ఉండేది. ఫార్మసీ చదివి, పెళ్ళయి, డిపెండెంట్ వీసా మీద వచ్చి, వర్క్ పర్మిట్ కోసం నాలుగేళ్ళు ఇంటి గోడలు చూసింది. మూడో ప్రయత్నంలో డ్రైవింగ్ టెస్టు పాసైంది. పాసైన రోజు లైసెన్సు కాగితం తెచ్చి నాకు చూపించి, నేను చదివాక వెనక్కి తీసుకుని తను మళ్ళీ చదువుకుంది. తర్వాత ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఆ దసరా వారాంతం దాటగానే సోమవారం చేరాలి.

వాళ్ళాయన చెడ్డవాడని నేను రాస్తే చదివేవాళ్ళకి సుఖంగా ఉంటుంది గానీ, కాదు. సరదా మనిషి, అందరికీ కావలసినవాడు. ఇండియా వెళ్ళిపోతున్న ఒక స్టూడెంట్ దగ్గర పాత కారొకటి కొని భార్యకిచ్చాడు. ఇస్తూ ఒక మాటన్నాడు. "నా ఆఫీస్ ఒక దిక్కు, నీ ల్యాబ్ ఒక దిక్కు. రోజూ దింపుడు నాతోని కాదు. నడుపు, చూద్దాం. నీతోని కాకపోతే జాబ్ సంగతి మళ్ళీ ఆలోచిద్దాం."

ఆ "చూద్దాం" మీద ఆ పిల్ల ఉద్యోగం మొత్తం వేలాడుతోందని నాకు తెలుసు. కారు నడిస్తే ఉద్యోగం. నడవకపోతే మళ్ళీ గోడలు. తెలిసే, "కారు సంగతి నాకొదిలెయ్. సోమవారం నువ్వు గాలిలో తేలుతూ వెళ్తావు" అన్నాను.

శనివారం తన కారే చివరిది. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. ర్యాంపుల మీదికి ఎక్కించి, కింద దూరి, డ్రెయిన్ బోల్టు విప్పి నల్ల ఆయిలంతా ట్రేలోకి వదిలాను. ఫిల్టరు ఎంతకీ రాలేదు. స్టూడెంటు కుర్రాడెవడో గట్టిగా బిగించి పారేశాడు. వేలాడి తిప్పితే చివరికి ఊడింది. దాన్ని ట్రేలోకి బోర్లించేసి కొత్తది అందుకున్నాను.

ఆ అమ్మాయి గరాజు నేల మీద గొంతుక్కూచుని ఫోను టార్చి పట్టుకుంది. ఆ టైములో నేనేం చేస్తున్నానో చెప్పనా? ఉపన్యాసమిస్తున్నాను. ఆడది తన బండి తను బాగుచేసుకోలేకపోతే ఇంజన్‌తో పాటు బుర్ర కూడా మొగుడి చేతిలో పెట్టినట్టేనని, అలాంటిదేదో. బాగా వస్తోంది కూడా.

మధ్యలో ఆ పిల్ల అడిగింది. "అక్కా, పాత ఫిల్టర్‌తోని రబ్బర్ రింగ్ గూడ వచ్చిందా? వీడియోల చూసుకోమన్నడు. ఒక్కోసారి ఇంజన్‌కే అతుక్కుంటదంట."

ఫిల్టరు అంచున సన్నటి రబ్బరు రింగొకటి ఉంటుంది. పాతది ఇంజనుకి అతుక్కుపోయి, దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులూ ఒకదాని మీద ఒకటి జారతాయి. కొంతసేపు పట్టుకుని ఉంటాయి, తర్వాత ఆయిలంతా బయటికి చిమ్ముతుంది. ఇది నాకు తెలుసు. నేనే పదిమందికి చెప్పిన సంగతి. ఒక్కసారి చెయ్యి పెట్టి తడిమితే తెలిసిపోతుంది, రెండు సెకన్ల పని.

"ఏవమ్మా, వీడియో చూసి నాకు పాఠం చెప్తున్నావా? నువ్వు లైసెన్సు తెచ్చుకోక ముందు నుంచీ చేస్తున్నాను ఇది. టార్చి సరిగ్గా పట్టుకో ముందు."

"అట్ల కాదక్కా, ఊకెనే అడిగిన" అని నవ్వేసి టార్చి సరిగ్గా పట్టుకుంది.

నేను తడమలేదు. అడిగింది కాబట్టే తడమలేదు. అడక్కపోయి ఉంటే బహుశా అలవాటుగా చెయ్యి పోయేది.

కొత్త ఫిల్టరు బిగించాను, కొత్త ఆయిల్ పోశాను, రెండు నిమిషాలు ఇంజన్ నడిపి కింద చూశాను. చుక్క లేదు. ఆ పిల్ల నా మురికి చేతిని రెండు చేతులతో పట్టుకుని, "థాంక్స్ అక్కా, నువ్వు లేకపోతే నేనేం చేద్దునో" అంది.

ఆదివారం పొద్దున మా డ్రైవ్‌వేలో మూడు కార్లు వరసగా పెట్టాం. ఆ అమ్మాయి తన కారు తనే నడుపుకుంటూ వచ్చింది, వాళ్ళాయన పక్క సీట్లో కూర్చున్నాడు. బానెట్ల మీద స్వస్తిక్ గుర్తులు, వైపర్లకి బంతిపూలు. చక్రాల కింద నిమ్మకాయలు. కార్ల ముందు పళ్ళెంలో దీపం పెడితే గాలికి రెండుసార్లు ఆరింది, రెండుసార్లూ నువ్వులనూనె పోసి వెలిగించాం. హారతయ్యాక కార్లు ముందుకి జరిపి నిమ్మకాయలు తొక్కించారు. అందరూ ప్రసాదాలకి లోపలికి నడిచారు. ఆ అమ్మాయి మాత్రం తన కారు నిలబడ్డ చోట వంగి చూస్తోంది.

"అక్కా, ఇటు రా ఒకసారి. ఇదేందో నూనె."

నలిగిన నిమ్మతొక్కల పక్కన అరచేయంత మరక. కొత్త ఇంజన్ ఆయిల్ నల్లగా ఉండదు. తేనె రంగులో, అచ్చం నువ్వులనూనెలాగే ఉంటుంది. నేను వంగి వేలితో అద్ది, బొటనవేలికి రాశాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నువ్వుల వాసన లేదు.

మళ్ళీ రాస్తున్నాను, నాకోసం. నువ్వుల వాసన లేదు.

"దీపం నూనె. ఇందాక పోసినప్పుడు ఒలికినట్టుంది" అన్నాను.

"దీపం అక్కడ ముంగట పెట్టినం కద అక్కా?"

"గాలేసింది కదా. పద, పులిహోర అయిపోతుంది."

చీరకొంగుకి వేలు తుడుచుకున్నాను. లోపలికి వెళ్ళాక మాత్రం ఊరుకోలేక మా ఆయన్ని పక్కకి పిలిచి, "ఆ పిల్ల కారు ఒక్కసారి ర్యాంపు మీద ఎక్కించి చూడాలేమో" అన్నాను.

"పనిముట్లన్నీ పూజలో ఉన్నాయి కదే. రేపు పొద్దున దాకా ముట్టుకోకు" అన్నాడు ఆయన, పళ్ళేలు సర్దుకుంటూ.

ఇరవై ఏళ్ళలో పూజల విషయంలో ఆయన చెప్పిన మాట నేను విన్నది అదొక్కసారే. ఆ క్షణాన అమ్మవారి మీద నాకు ఎక్కడలేని భక్తీ పుట్టుకొచ్చింది. కుంకుమబొట్టుతో మెరిసిపోతున్న నా రెంచిని చూసి, నియమం నియమమే కదా అనుకున్నాను. పదిమంది ముందు కారు ర్యాంపెక్కించి, "నిన్న నేను బిగించింది సరిగ్గా లేదు, చూస్తాను" అనాల్సిన పని తప్పింది.

పోనీ, ఆయిల్ ఎంతుందో చూడటానికి ఆయుధం కావాలా? బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, కాగితంతో తుడిచి, మళ్ళీ ముంచి చూడటమే. చేతులు చాలు. చేతులు నేను పూజలో పెట్టలేదు.

సోమవారం ఏడింటికి మా ఆయన పూజ చేసి, "తీసుకో తల్లీ నీ ఆయుధాలు" అని పెట్టె నా చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయి బయల్దేరేది ఏడున్నర దాటాక. రెండు వీధులు. నేను కాఫీ కలుపుకుని, ఎనిమిదింటి మీటింగుకి లాప్‌టాప్ తెరిచాను. మీటింగులో ఉండగా ఫోను మోగింది.

"అక్కా, బండిలకెళ్ళి టకటక చప్పుడొస్తున్నది. ఎర్ర లైట్ పడ్డది, ఆయిల్ డబ్బా లెక్క బొమ్మ. హైవే మీద ఉన్న. ఆపాల్నా?"

"ఆపెయ్! వెంటనే ఆపెయ్!"

"యాడ ఆపాలె అక్కా? పక్కకు జాగ లేదు, రోడ్డు పని జరుగుతున్నది, కోన్లు పెట్టిన్రు. వెనక ట్రక్ ఉన్నది. ముందట ఎగ్జిట్ కనవడ్తున్నది, అక్కడిదాంక—"

తర్వాత ఒక పెద్ద శబ్దం. హారను. తర్వాత ఆ పిల్ల ఊపిరి. ఎగ్జిట్‌లో, గడ్డి మీదికి ఎలాగో తీసుకొచ్చింది. దెబ్బలేమీ తగల్లేదు. "అక్కా, ఫస్ట్ డే" అంది. రెండుసార్లు అదే అంది.

టో ట్రక్కు అతను వచ్చి, ఇంజన్లో ఆయిల్ చుక్క లేదు, బిగుసుకుపోయింది, ఈ పాత బండికి ఇంజన్ వేయించడం దండగ అన్నాడట. కారుని వాళ్ళ డ్రైవ్‌వేలో దింపి వెళ్ళాడు. గురువారం తుక్కువాళ్ళు వచ్చి తీసుకుపోతారు.

బుధవారం మధ్యాహ్నం భోజనం టైములో నేను అక్కడికి నడిచి వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు, వాళ్ళాయన ఆమెను ల్యాబులో దింపి ఆఫీసుకి పోయాడు. చూసి, ఏదైతే అది చెప్పేద్దామనే వెళ్ళాను. ఇది నిజం, కానీ దీనికి విలువేమీ లేదు. ఆ కారుకి ఫిల్టరు ముందువైపే, పడుకుని చెయ్యి చాస్తే అందుతుంది. విప్పాను. రెండు రింగులున్నాయి. పాతది గట్టిపడి, ఒక పక్క పిండినట్టు బయటికి జారి ఉంది.

పాత రింగు ఊడదీశాను. జేబులో పెట్టుకున్నాను. ఫిల్టరు మళ్ళీ బిగించాను. తుక్కుకి పోయే కారుకి ఫిల్టరు ఎందుకు బిగిస్తారెవరైనా? నేను విప్పినట్టు తెలియకుండా బిగిస్తారు. ఈసారి చాలా జాగ్రత్తగా, రింగు మీద ఆయిల్ రాసి, కొలిచినట్టు ముప్పావు చుట్టు తిప్పి బిగించాను. ఇంత శ్రద్ధ శనివారం పెట్టలేదు.

ఆ వారాంతం ఒక స్నేహితుల ఇంట్లో భోజనాలు. ఆ అమ్మాయి మొగుడు అప్పటికే కథని నాటకం చేసేశాడు. "ఇంత పెద్ద రెడ్ లైట్ అన్నా! దసరా కద, సీరియల్ లైట్ పెట్టిన్రనుకున్నదేమో మా మేడమ్!" అందరూ పడీపడీ నవ్వారు. ఆ అమ్మాయి ప్లేట్లలో పులుసు వడ్డిస్తోంది.

"అరె, ఎక్స్‌పర్ట్ ఇక్కడే ఉంది కదా! అక్కా, మీరు చెప్పండి, లైట్ పడితే ఏం చెయ్యాలి?" అని ఎవరో నా వైపు తిప్పారు.

గది మొత్తం నా వైపు చూసింది. ఆ అమ్మాయి కూడా గరిటె పట్టుకుని ఆగింది. లైటు పడగానే ఆమె ఎవరికి ఫోన్ చేసిందో ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

"ఆ లైటు వెలిగితే ఒక్క నిమిషం కూడా నడపకూడదు. వెంటనే ఆపెయ్యాలి" అన్నాను. పూర్తిగా నిజం. మాన్యువల్లో ఉంటుంది.

"విన్నవా?" అన్నాడు వాళ్ళాయన భార్యతో.

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. కోపమైతే నాకు వచ్చిన భాషే, బదులు చెప్పేదాన్ని. ఆ చూపేమిటో నాకిప్పటికీ తెలియదు. "విన్న" అంది మొగుడితో. వడ్డించుకుంటూ వెళ్ళిపోయింది.

మనుషుల్ని కడిగేసే నా నోరు, షాపువాణ్ణి పావుగంట వదలని నోరు, ఆ రోజు పులుసన్నం మింగడానికి మాత్రం పనికొచ్చింది.

వాళ్ళాయన మూడు వారాలు ఆమెను ల్యాబులో దింపాడు. తర్వాత ఆయనకి పొద్దున మీటింగులు వచ్చాయి. వారానికి ఒకటి రెండు రోజులు నేను దింపాను. నా కార్లో ఆ పిల్ల సీటుబెల్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది. నేను రోజూ ఎవరినైనా తిడుతూ నడిపేదాన్ని, సిగ్నల్‌ని, ప్రభుత్వాన్ని, ముందున్న కారువాణ్ణి. చెప్పాల్సింది తప్ప అన్నీ చెప్పాను. కొత్త కారు మాట ఆమె ఎత్తితే వాళ్ళాయన, "మళ్ళ కాలవెడ్తవా? ముందుగాల ప్రాక్టీస్ చెయ్యి, చూద్దాం" అనేవాడు. ప్రాక్టీసు చెయ్యడానికి కారు లేదు. రెండో నెలలో ల్యాబువాళ్ళకి రానని చెప్పేసింది. ఆ తర్వాత గర్భం, పాప. ఆ తర్వాత జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌కి మారిపోయారు. మా గరాజులో దసరా శనివారాలు నేను ఆపేశాను. అడిగితే నడుం నొప్పన్నాను.

పోయిన వేసవిలో వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం. పెద్ద ఇల్లు, గరాజులో రెండు కార్లు, రెండూ ఆయనవే. కొత్తగా పరిచయమైన పక్కింటావిడ ఆ అమ్మాయితో, "ఇక్కడ డ్రైవ్ చెయ్యకపోతే ఎట్లాగండీ? పాపని క్లాసులకి ఎవరు తిప్పుతారు?" అంది. అంతే, వాళ్ళాయన హుషారుగా అందుకున్నాడు. "అయ్యో, మీకు ఆ కథ తెల్వద్ గద! ఇంత పెద్ద రెడ్ లైట్—"

ఆ మాటలన్నీ నాకు నోటికొచ్చు. ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ చెయ్యి తిప్పుతాడో కూడా తెలుసు. సీరియల్ లైటు దాకా రానిచ్చి అన్నాను. "ఆ కారు పాడుచేసింది నేను. ఫిల్టరు నేను తప్పు బిగించాను. ఆ పిల్ల రింగు చూడమని అడిగింది, నేను చూడలేదు. లైటు పడగానే నాకు ఫోన్ చేసింది కూడా."

వాళ్ళాయన ఫక్కున నవ్వాడు. "చూసిన్రా! అక్క అంటే గిదీ. ఆడోళ్ళ మీద ఈగ వాలనియ్యదు. నేరం గూడ తనే మీదేసుకుంటది!" అందరూ నవ్వారు. పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని, "మీలాంటి అక్క ఉండాలండీ" అంది. మా ఆయన కూడా నవ్వాడు, కొంచెం గర్వంగా.

ఆ పాత రింగు అప్పుడు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. చూపించాలనే క్యారీ నుంచి తెచ్చాను. చెయ్యి జిప్పు దాకా వెళ్ళింది. బయటికి తీస్తే, ఇది మీ దగ్గరికెలా వచ్చిందక్కా అని అడుగుతారు. తప్పు ఒప్పుకోవడానికి సిద్ధపడి వెళ్ళాను గానీ, దొంగతనం ఒప్పుకోవడానికి కాదు. జిప్పు తియ్యలేదు. వాళ్ళతో పాటు నవ్వానేమో కూడా.

కాసేపటికి వంటింట్లోకి వెళ్ళాను. ఆ అమ్మాయి పాలగిన్నె దగ్గర నిలబడి ఉంది.

"అక్కా, చాయ్‌ల చక్కెర వేస్కుంటున్నవా ఇంకా, బంద్ చేసినవా?"

"శనివారం రింగు గురించి నన్నడిగావు. గుర్తుందా?"

పాలు పొంగుతుంటే స్టవ్ తగ్గించింది. "అడిగిన" అంది.

"ఆదివారం మరక కూడా చూపించావు."

"చూపించిన."

"మరి?"

హాల్లోంచి ఎవరో ఆమెను కేకేశారు, పాప పడిందనో ఏమో. "వస్తున్న" అని తువ్వాలుకి చేతులు తుడుచుకుని నన్ను దాటి వెళ్ళిపోయింది. పొంగు తగ్గిన పాల దగ్గర నేను నిలబడ్డాను. తిరిగి రాలేదు. మేము బయల్దేరేటప్పుడు అందరితో పాటు గుమ్మం దాకా వచ్చి, "పోయినంక ఫోన్ చెయ్యక్కా" అని చెయ్యూపింది.

రింగు ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. గాజంత కూడా లేదు, గట్టిపడి గీతలు పడింది. మా ఆయనకి నిన్ననే చూపించి మొత్తం చెప్పాను. ఆయన రింగుని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "అయితే ఆ రోజు నేను ముట్టుకోవద్దన్నందుకు..." అని మొదలుపెట్టాడు. కాదని చెప్పాను. ఆ భారం ఆయనకి కూడా ఇవ్వదలుచుకోలేదు. ఆయనది నియమం, నాది సాకు. ఈ కాగితాలూ రింగూ కలిపి కమ్మింగ్‌కి పంపుతాను, ఆమె పేరు మీదా వాళ్ళాయన పేరు మీదా. ఈసారి నవ్వడానికి వీల్లేకుండా.

కానీ ఆమెని ఒకటి అడగాలి. మిగతావాళ్ళు దాటవెయ్యండి, ఇది మీకు కాదు. నీకు అన్నీ తెలుసు. రింగు సంగతి ముందు చెప్పింది నువ్వు, మరక చూపించింది నువ్వు, లైటు పడగానే ఫోన్ చేసింది నాకు. మీ ఆయన నవ్వినప్పుడల్లా ఒక్క మాటతో కథ మొత్తం తిప్పెయ్యగలిగేదానివి. ఉద్యోగం పోతున్నా అనలేదు. ఆ భోజనాల రోజు గరిటె పట్టుకుని నువ్వు నా వైపు చూసినప్పుడు, నన్ను కాపాడదామని ఊరుకున్నావా, లేక నేనే నోరు తెరుస్తానని ఎదురుచూస్తున్నావా?